వన్ టౌన్ నడకలో ఈ సీజన్ మార్పులు, వాటి కారణాలు

మాతో విశాఖపట్నం వన్ టౌన్ వీధుల్లో నడిచినవాళ్లకీ, ఈ ఏడాది రావాలనుకుంటున్నవాళ్లకీ నమస్కారం.

దసరా వెళ్లగానే, పాత ఊరి చరిత్ర చెబుతూ తిప్పే మా నడకలు మళ్లీ మొదలవుతాయి. ఈసారి మార్పులు కాస్త ఎక్కువే. టికెట్ 400 నుంచి 550 రూపాయలు అవుతోంది. ఒక్కో బ్యాచ్‌లో పదిమందికి మించి తీసుకోం. ఏడున్నరకి బదులు ఉదయం ఆరింటికే బయల్దేరతాం. గురువారాలు నడక ఉండదు. దారి కూడా తిరగేశాం, మొదట్లో చూపించేవి ఇప్పుడు చివర్లో వస్తాయి. రేటు పెంచి, మనుషుల్ని తగ్గించి, పైగా చీకటితో లేవమంటున్నారేమిటని మీలో కొందరైనా అనుకుంటారు. అందుకే ఏదీ దాచకుండా అన్నీ చెప్పేస్తాను.

ముందు డబ్బు సంగతి. పదిమంది వస్తే 5500 వస్తుంది. నడక నడిపే అమ్మాయికి 900, వెనక నడుస్తూ ఎవరూ తప్పిపోకుండా, బండ్లు తగలకుండా చూసుకునే కుర్రాడికి 600 ఇస్తున్నాం. ఇద్దరూ ఇక్కడి వీధుల్లో పుట్టి పెరిగిన పిల్లలే. టిఫిను, టీ, మంచినీళ్లు కలిపి మనిషికి 80 అవుతుంది. మధ్యలో మనం కూర్చుని, బాత్‌రూమ్ వాడుకునే ఇంటివాళ్లకి ప్రతి నడకకీ 500 ఇస్తాం. ఇది ఈ సీజన్ నుంచే మొదలు. వాళ్లు అడగలేదు, మేమే ఇస్తామన్నాం. మిగిలినదాంట్లో ఫోన్లు, పాత ఫొటోల ప్రింట్లు, పన్నులు, ఆ పైన నా ఇల్లు గడవాలి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఉక్కపోతకీ వానలకీ ఎవరూ నడవలేరు కాబట్టి ఈ నాలుగైదు నెలల సంపాదనతోనే ఏడాదంతా నెట్టుకురావాలి. 400 దగ్గర అది కుదరడం లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇన్నాళ్లూ మీలో చాలామంది ఒక బుకింగ్ సైట్ ద్వారా వచ్చేవారు. వాళ్లు ప్రతి టికెట్ మీదా పావలా వంతు కోసుకుని, మిగిలింది నెల తర్వాత చేతిలో పెట్టేవారు. వాన పడి నడక రద్దయితే డబ్బు వాపసు ఇచ్చే భారం మాత్రం మా నెత్తినే పడేది. అందుకే అందులోంచి బయటికి వచ్చేశాం. ఇకనుంచి నేరుగా మాకే మెసేజ్ చేసి బుక్ చేసుకోవాలి. కొత్తవాళ్లు మమ్మల్ని కనుక్కోవడం కష్టమవుతుందని తెలుసు, మొదటి రెండు నెలలు బ్యాచ్‌లు నిండకపోవచ్చు. అయినా ఇదే మేలనిపించింది. మీకు నచ్చితే నలుగురికీ చెప్పండి, మాకు వేరే ప్రకటన లేదు.

ఇక పదిమంది లెక్క. కాలేజీల నుంచి, కంపెనీల నుంచి ఒకేసారి నలభైమందిని పంపిస్తామని అడుగుతున్నారు. డబ్బు పరంగా చూస్తే వదులుకోలేని బేరం. కానీ కోట వీధి ఎలా ఉంటుందో వచ్చినవాళ్లకి తెలుసు. రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఆగాలి. ఇళ్లు రోడ్డుకి ఆనుకునే ఉంటాయి, అరుగు దిగితే వీధే. అక్కడొక పాత పెంకుటింటి ముందు మనం ఆగుతాం. గోడ పెచ్చులూడిన చోట సున్నం కింద పల్చటి పాత ఇటుకలు బయటపడ్డాయి, ఇప్పటి ఇటుకలో సగం మందం ఉండవు. తలుపు టేకుది. రెక్కల మీద వరసగా ఇత్తడి బొడిపెలు. పైనున్నవి నల్లబడిపోయాయి, చిన్నపిల్లల చెయ్యి అందే ఎత్తులో ఉన్నవి మాత్రం అరిగి మెరుస్తుంటాయి. ఆ తేడా ఒకరు చూపిస్తే మిగతావాళ్లు వంగి చూస్తారు, వేలితో తడుముతారు. అది పదిమందికైతే కుదురుతుంది, నలభైమందిలో వెనకున్నవాళ్లకి ముందున్నవాళ్ల వీపులే కనిపిస్తాయి.

పైగా అది ఒకరి ఇల్లు. కిందటి సీజన్‌లో ఒక సందర్శకురాలు ఫొటోకి అడ్డొస్తున్నారని ఆ ఇంటి మామ్మగారిని కాస్త పక్కకి జరగమంది. మామ్మగారు కోప్పడలేదు. "ఏటమ్మా, మా గుమ్మం కాడ మమ్మల్నే పక్కకి జరగమంటారేటి?" అని మాత్రం అడిగారు. ఆ మాటకి నా దగ్గర జవాబు ఒకటే: ఆ గుమ్మం ఆవిడది. మనం వెళ్లేది ఆవిడకి ఇబ్బంది లేని వేళలో, ఇబ్బంది లేనంతమందితో. పెద్ద గ్రూపులు వస్తే వేర్వేరు ఉదయాలకి విడగొడతాం. అలా కుదరదంటే ఆ బేరం వదిలేసుకుంటాం. స్పీకర్, మైకు కూడా ఆపేశాం. పదిమందికి మామూలు గొంతు చాలు.

ఆరింటికి ఎందుకంటే, కుళాయిలు వచ్చే వేళకి ఆ సందుల్లో బిందెలు, డ్రమ్ములు, స్కూలుకి తయారయ్యే పిల్లలు, అన్నీ వీధిలోనే ఉంటాయి. ఆ సమయంలో మనం అక్కడ ఉండకూడదు. అందుకని ఇకనుంచి ముందు కొండ ఎక్కేస్తాం. నీళ్లు పట్టుకోవడం అయిపోయాక వీధుల్లోకి దిగుతాం, దుకాణాలు తెరిచే వేళకి కురుపాం మార్కెట్ చేరతాం. పాత పోస్టాఫీసు దగ్గర మొదలై విక్టోరియా రాణి విగ్రహం దగ్గర ముగుస్తుంది.

దారి తిరగేయడం వల్ల ఒక మంచి జరిగింది. ఇదివరకు రాస్ హిల్ చివర్లో వచ్చేది. అప్పటికి ఎండెక్కి, కాళ్లు పీకి, పైన నిలబడి వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నా దృష్టిలో ఈ ఊరి కథ మొత్తం కనిపించే చోటు అదే. అక్కడ ఇప్పుడు ముప్పావుగంట కేటాయించాం.

పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదాని మీద, అంటే మనం నిలబడే రాస్ హిల్ మీద, మేరీమాత చర్చి. రాస్ అనే దొర 1864లో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడని, తర్వాత అదే ప్రార్థనామందిరమైందని చెబుతారు. పక్క కొండ మీద వెంకన్న గుడి కట్టించింది కూడా బ్లాక్‌మూర్ అనే ఇంగ్లీషు కెప్టెనే అని ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు. మూడింటి కిందా ఓడలు లోపలికి వచ్చే కాలువ. అవతల ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండ. మన అదృష్టం బాగుండి ఆ వేళకి ఓడ వస్తే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోతున్నట్టే ఉంటుంది.

ఆ కాలువ అలా ఎప్పటినుంచో ఉన్నది కాదు. ఇప్పుడు క్రేన్లు ఉన్న చోటంతా ఒకప్పుడు ఉప్పుటేరు, చిత్తడి నేల. ఓడలు సముద్రంలో దూరంగా లంగరు వేసేవి. మసూలా పడవల్లో సరుకూ మనుషులూ అలలు దాటి ఒడ్డుకి చేరాలి. ఆ పడవలకి మేకులు ఉండవు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల కొడితే విరక్కుండా వంగుతాయని అలా చేసేవారు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం బయటికి పంపడానికి రేవు కావాల్సి వచ్చి, చిత్తడి నేల తవ్వి నౌకాశ్రయం కట్టారు. అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడల్ని సముద్రంలో ముంచి అడ్డుకట్టగా వాడారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఆ జలదుర్గ మన సింధియా కంపెనీ ఓడ. తెల్లవాళ్ల పాలనలో తెల్లవాళ్లు కట్టిన రేవులోకి మొదట అడుగుపెట్టింది భారతీయుల కంపెనీ ఓడ కావడం నాకు ఎప్పుడు చెప్పినా ఒళ్లు పులకరించే సంగతి.

అక్కడే నిలబడి ఇంకో రెండు కథలు చెబుతాం. ఇదివరకు తొందర్లో ఒక్క ముక్కలో తేల్చేసేవి.

ఈస్టిండియా కంపెనీ ఇక్కడ 1682లో స్థావరం పెట్టింది. దాదాపు వందేళ్ల తర్వాత, 1780 అక్టోబరులో, హైదర్ అలీతో యుద్ధానికి మద్రాసు వెళ్లాలని ఇక్కడి సిపాయిల్ని ఓడ ఎక్కమన్నారు. వాళ్లు ఎక్కబోమన్నారు. ఊరు, ఇల్లు, పిల్లల్ని వదిలి సముద్రం మీద ఎక్కడికో ఎందుకు వెళ్లాలని ఎదురుతిరిగారు, తుపాకులు పేలాయి, కొందరు అధికారులు చచ్చిపోయారు. 1857 కంటే 77 ఏళ్ల ముందు సంగతి ఇది. మన బడి పుస్తకాల్లో దీని గురించి ఒక పేజీ అయినా ఉండాలని నా గట్టి నమ్మకం. పుస్తకంలో లేకపోతే వీధిలోనైనా చెప్పాలి కదా, మేం ఆ పని చేస్తున్నాం.

రెండోది 1804 సెప్టెంబరుది. ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు యుద్ధనౌకలతో మన తీరానికి వచ్చాడు. ఇక్కడ లంగరు వేసి ఉన్నది ఒకే ఒక్క ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్, దాని రక్షణలో రెండు వర్తక ఓడలు. సెంచూరియన్ కెప్టెన్ ఆ సమయానికి ఓడలోనే లేడు, ఒడ్డున ఉన్నాడు. వర్తక ఓడల్లో ఒకటి తీరానికి కొట్టుకొచ్చి బద్దలైంది, రెండోదాన్ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ తూట్లు పడినా లొంగలేదు. ఒడ్డు మీది ఫిరంగులు కూడా దానికి తోడయ్యాయి. ఈ కథ చెబుతున్నప్పుడు అందరూ ఆ నీళ్లవైపే చూస్తారు. యుద్ధం జరిగిన చోటే నిలబడి వినడం వేరు.

1942 ఏప్రిల్ 6 గురించి మాత్రం మేం చెప్పేదానికంటే మీరు చెప్పేదే ఎక్కువ ఉంటుంది. ఆ రోజు జపాన్ విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కొన్నాళ్లు గుంటూరుకి తరలించారు. ఊళ్లో సగం జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయారని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు. నడకకి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు మా తాతయ్య ఇలా, మా అమ్మమ్మ అలా అని మొదలుపెడతారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఆ రోజుల గురించి చెప్పింది గుర్తుంటే రాసుకుని తీసుకురండి. అనుమతిస్తే ఒక పుస్తకంలో ఎక్కించి పెట్టుకుంటాం.

కొండ దిగాక సెయింట్ అలోషియస్ స్కూలు ముందు ఆగుతాం. 1847 నాటి బడి. సి.వి. రామన్ చదివింది ఇక్కడే, పదకొండేళ్లకే మెట్రిక్ పాసయ్యారు. వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. గేటు బయటినుంచే చూస్తాం, బడి జరిగే చోట లోపలికి వెళ్లం.

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి మామూలు రోజుల్లో వెళ్తాం. అమ్మవారికి పైకప్పు లేదు, ఆకాశం కిందే ఉంటుంది. కులం అడక్కుండా ఎవరైనా తమ చేత్తోనే పూజ చేసుకోవచ్చు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అక్కడ నోరు మెదపకుండా నిలబడిపోతారు. గురువారం అమ్మవారికి ముఖ్యమైన రోజు, మార్గశిరంలో అయితే ఆ వీధులు ఇసక వేస్తే రాలవు. పిల్లల్ని చంకనేసుకుని గంటల తరబడి క్యూలో నిలబడ్డవాళ్ల మధ్యలోంచి చరిత్ర చెప్పుకుంటూ పోవడం మర్యాద కాదు. అందుకే గురువారాలు సెలవు, మార్గశిరం నెలంతా ఆ గుడివైపు వెళ్లం. ఆ నెలలో దర్శనానికి రావాలనుకుంటే మీ అంతట మీరు రండి, మాకు డబ్బు కట్టక్కర్లేదు.

ఏనుగు దంతం పని గురించి మెసేజ్‌లు ఎక్కువ వస్తున్నాయి. అవును, పద్ధెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం దంతపు పనికి యూరప్ అంతటా పేరు. ఇక్కడి కంసాలులు నల్లచేవ కుర్చీల్లో దంతం పొదిగేవారు. తర్వాత గంధపు చెక్క పెట్టెలకి దంతపు రేకులు తొడిగి, వాటి మీద సన్నటి గీతలతో పూలతీగెలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన ఊరి పెట్టెలు ఉన్నాయి. నడకలో వాటి పెద్ద ఫొటోలు చూపిస్తాం, లక్క నింపే పద్ధతి చెబుతాం. కొనడానికి దొరుకుతాయా అని అడగకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం అమ్మకం నేరం. వీధిలో ఎవరైనా పాతదేనని చెప్పి చూపించినా కొనకండి. ఆ పనితనం అంటే నాకు ప్రాణం, అయినా ఏనుగుల్ని చంపి తెచ్చిన ముడిసరుకు మళ్లీ ఈ వీధిలోకి రాకూడదనే కోరుకుంటాను.

చివర కురుపాం మార్కెట్. కురుపాం రాజావారు 1904లో పెట్టించిన విక్టోరియా రాణి విగ్రహం, చుట్టూ బంగారం కొట్లు, వెనక సందుల్లో గ్యాసు మంట ముందు కూర్చుని పనిచేసే స్వర్ణకారులు. టిఫిను ఇక్కడే. ఇడ్లీ, పెసరట్టు, అల్లం టీ. ఎవరికైనా ఏదైనా పడకపోతే ముందే చెప్పండి.

ఇక మిమ్మల్ని నిరాశపరిచే సంగతులు కూడా ముందే చెప్పేస్తాను, వచ్చాక బాధపడకూడదు. పుదుచ్చేరిలోలా రంగులేసిన గోడలు, కాఫీ షాపులు ఇక్కడ ఉండవు. చాలా పాత భవనాలకి తాళాలున్నాయి. కొన్నింటి మీద రావిచెట్లు మొలిచాయి. వారసులు పదిమంది పది ఊళ్లలో ఉండటంతో బాగుచేయించే దిక్కులేక కూలిపోతున్నవి కొన్ని. 2014 హుద్‌హుద్ తుపానుకి ఎగిరిపోయిన పెంకుల స్థానంలో రేకులు వేసుకున్న ఇళ్లు కనిపిస్తాయి. వాటిని చూసి అందం చెడిందనకండి, ఆ రేకులే ఆ ఇంటివాళ్లని నిలబెట్టాయి. గాలి ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వీస్తే చేపల వాసన వస్తుంది. డిసెంబరులో కూడా చెమట పడుతుంది.

ఫొటోల విషయంలో గట్టిగా ఉంటాం. మనుషుల్ని అడక్కుండా తీయకూడదు, ఇంటి లోపల అసలు వద్దు. ఇది తూర్పు నౌకాదళం కేంద్రం ఉన్న ఊరు కాబట్టి డ్రోన్ తేవద్దు, కొండ మీద నుంచి నేవీ వైపు కెమెరా తిప్పొద్దు. పెళ్లి షూట్లు మాతో కుదరవు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రాస్ హిల్ ఎక్కక్కర్లేదు. ఆటోలో పైదాకా తీసుకెళ్తాం, అందుకు వేరే డబ్బు లేదు. అదీ వద్దనుకుంటే కింద కూర్చునే ఏర్పాటు చేసి, మా కుర్రాడు తోడుంటాడు. పదేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు. వన్ టౌన్‌లోని మున్సిపల్ స్కూలు పిల్లలకి నెలకో శనివారం ఉచితంగా నడక పెడుతున్నాం, దాని ఖర్చు మీ 550లోంచే వస్తుంది. తమ వీధి గురించి పరాయివాళ్లకి తెలిసినంత ఆ పిల్లలకి కూడా తెలియాలని దీని వెనక మా పట్టుదల.

తుపాను హెచ్చరిక ఉంటే నడక ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇది మామూలే. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే రద్దు చేస్తాం, డబ్బు మొత్తం అదే రోజు వాపసు పంపిస్తాం. చినుకులకి మాత్రం ఆగం, గొడుగు తెచ్చుకోండి. మీరే రాలేకపోతే రెండు రోజుల ముందు చెబితే మొత్తం, ముందురోజు చెబితే సగం ఇస్తాం. చెప్పకుండా మానేస్తే ఏమీ రాదు, ఎందుకంటే పది సీట్లలో ఒకటి వృథా అయినా ఇప్పుడు మాకు ఆ నష్టం తెలుస్తుంది.

పాత రేటుకి ముందే డబ్బు కట్టినవాళ్లు ఒక్క రూపాయి అదనంగా ఇవ్వక్కర్లేదు. కొత్త సమయం కుదరకపోతే మెసేజ్ పెట్టండి, వాపసు ఇస్తాం. 550 భారమనుకునే విద్యార్థులు కూడా మొహమాటపడకుండా అడగండి, ప్రతి బ్యాచ్‌లో ఒక సీటు సగం ధరకి పక్కన పెట్టాం. ఎవరికిచ్చామో మిగతావాళ్లకి చెప్పం.

పట్టున్న చెప్పులు లేదా బూట్లు వేసుకోండి, కొండ మెట్లు మంచుకి జారతాయి. గుడికి, చర్చికి తగ్గ బట్టలు, ఒక నీళ్ల సీసా చాలు. బైకులు సందుల్లో పెట్టొద్దు, బస్సులో వస్తే అందరికీ సుఖం. పాత పోస్టాఫీసు బస్టాపు దగ్గర ఐదూ నలభై ఐదుకల్లా నేనూ పిల్లలూ ఉంటాం, ఆరు దాటాక ఎవరికోసమూ ఆగలేం.